నదులు తవ్విన గండ్లలో: పికోస్ ద యూరోపా చుట్టూ సైకిల్ మీద

సముద్రానికి పాతిక కిలోమీటర్ల దూరంలో 2,600 మీటర్లు దాటిన కొండలు నిలబడితే, వాటి మీద పడిన వాన ఏం చేస్తుంది? దగ్గర దారి వెతుక్కుంటుంది. ఉత్తర స్పెయిన్‌లోని పికోస్ ద యూరోపా కొండల్లో అదే జరిగింది. కొండలన్నీ సున్నపురాయి. నీళ్లు దాన్ని కరిగిస్తూ, కోస్తూ నిలువునా కిందికి దిగిపోయాయి. పడమట సేయా, నడుమ కారెస్, దుహే, తూర్పున దేవా. ఈ నాలుగు నదులూ కొండల్ని మూడు ముక్కలుగా విడగొట్టి కాంతాబ్రియన్ సముద్రంలో కలుస్తాయి. తర్వాత రోడ్లు వేసినవాళ్లకు కొత్త దారి వెతికే పని లేకపోయింది. నది ఎక్కడ పోతే రోడ్డూ అక్కడే.

ఈ కొండల చుట్టూ సైకిల్ మీద తిరగాలని మా బావ, నేను చాలాకాలంగా అనుకుంటున్నాం. జూన్ మొదటి వారంలో కుదిరింది. సాంతాందేర్‌లో రోడ్డు సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. బట్టలు, రెయిన్ కోటు, పంక్చర్ సామాను ఒక్కో సంచిలో సర్ది సీటు వెనక బిగించాం. సైకిళ్లతో సహా ఒవియేదో వైపు పోయే మీటర్ గేజ్ రైలెక్కాం.

సోమవారం: ఉంకెరా నుంచి పోతెస్

ఉంకెరాలో దేవా నది సముద్రంలో కలుస్తుంది. అంటే సున్నా మీటర్ల నుంచి మొదలుపెట్టామన్నమాట. ఊరంతా వెన్న వాసన. ఇక్కడ పొరలు పొరలుగా ఉండే ఒక పిండివంట పేరుమోసింది. నెక్‌టై ముడి ఆకారంలో చేసి పైన చక్కెర పాకం పూస్తారు. చెరో రెండు తిని, రెండు జేబులో వేసుకుని బయల్దేరాం.

పానెస్ దాకా ఎన్-621 రోడ్డు పచ్చిక బయళ్ల మధ్య చదునుగా పోతుంది. పానెస్ దగ్గర కారెస్ వచ్చి దేవాలో కలుస్తుంది. ఊరు దాటి కొంత దూరం పోగానే రెండు పక్కలా కొండ మూసుకుంది. అదే లా ఎర్మీదా గండి. 21 కిలోమీటర్ల పొడవు, స్పెయిన్‌లోకెల్లా పొడవైన గండి ఇదే అంటారు. కొన్నిచోట్ల గోడలు 600 మీటర్ల ఎత్తున లేచాయి. ఆకాశం ఒక పీలిక మాత్రమే కనిపిస్తుంది.

రోడ్డు వాలు తక్కువ. అందుకే తొక్కుతూ చుట్టూ చూసే తీరిక దొరికింది. ఒక మలుపులో సైకిల్ గోడకు ఆనించి బండను దగ్గరగా చూశాను. దూరానికి బూడిద రంగే. దగ్గరకు పోతే తెల్లటి కాల్సైట్ చారలు, ఇనుము తుప్పు కారిన ఎర్రటి మరకలు, నీళ్లు కారిన చోట నల్లటి నాచు కనిపించాయి. పిడికిలి పట్టేంత పగులులో ఒక అత్తిచెట్టు వేళ్లు దిగేసి, ఆకులు రోడ్డు మీదికి చాపింది. మట్టి అన్నదే లేదు. చేత్తో తడిమితే బండ చల్లగా, తడిగా తగిలింది. బయట ఎండ కాస్తున్నా ఇక్కడ పొద్దున్నే తీసిన నూతినీళ్ల చలవ.

లా ఎర్మీదా ఊరు సరిగ్గా గండి నడుమ ఉంది. చలికాలంలో నెలల తరబడి ఇక్కడి ఇళ్ల మీద ఎండ పొడ పడదట. దానికి బదులా అన్నట్టు నేలలోంచి వేడినీటి ఊటలు ఉబుకుతున్నాయి. వాటి చుట్టూ స్నానశాల కట్టారు. మేం బయట నది ఒడ్డున రాళ్ల మధ్య చేరిన గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం.

ఈ రోడ్డు మీద లారీలు, బస్సులు కూడా నడుస్తాయి. అయినా ఎక్కడా భయం వేయలేదు. సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం వదలాలన్నది స్పెయిన్‌లో చట్టం. ఖాళీ లేకపోతే మలుపు దాటేదాకా లారీ కూడా మా వెనకాలే నిదానంగా వచ్చింది, హారన్ కొట్టలేదు. మన రోడ్ల మీద సైకిల్ తొక్కినవాడికి ఇది ఎంత పెద్ద సంగతో చెప్పనక్కర్లేదు.

గండి చివర లెబేన్యా దగ్గర రోడ్డు వదిలి నది దాటితే సాంతా మరియా చర్చి. పదో శతాబ్దపు కట్టడం. లోపల తోరణాలు గుర్రపు లాడం ఆకారంలో ఉన్నాయి. అప్పట్లో దక్షిణ స్పెయిన్ అరబ్బుల పాలనలో ఉండేది. అక్కడి పనితనం ఈ కొండల నడుమకు చేరి క్రైస్తవుల గుడిలో నిలబడింది. నాకు ఆ గండి కన్నా ఈ చిన్న గుడే ఎక్కువ నచ్చిందని బావతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

లెబేన్యా దాటాక లోయ విప్పారింది. లియేబనా అంటారు ఈ ప్రాంతాన్ని. నాలుగు వైపులా కొండలు అడ్డు కాబట్టి సముద్రపు వాన ఇక్కడికి తక్కువగా చేరుతుంది. పొద్దున ఉంకెరాలో చిత్తడి పచ్చిక చూశాం, సాయంత్రానికి ద్రాక్షతోటలు. పోతెస్ ఊళ్లో రాతి వంతెనల పక్కన బస చేశాం. రాత్రి భోజనానికి ఇక్కడి చిన్న శనగలతో వండిన కూర. మాంసం వేసి వండేదే అసలు పద్ధతి. క్యాబేజీతో, శనగలతో మాత్రం వడ్డించమంటే ఆవిడ సంతోషంగా రెండు గిన్నెలు నింపి తెచ్చిపెట్టింది.

మంగళవారం: ఫుయెంతె దే

సామాను గదిలో వదిలేసి తేలిక సైకిళ్లతో బయల్దేరాం. ముందు సాంతో తొరీబియో మఠం. ఎనిమిదో శతాబ్దంలో బెయాతో అనే సన్యాసి ఇక్కడే బైబిల్ చివరి భాగానికి వ్యాఖ్యానం రాశాడు. తర్వాతి శతాబ్దాల్లో దానికి ఎన్నో ప్రతులు ఎత్తి రాశారు. వాటిలో గీసిన బొమ్మలు, ఆ పసుపు, ఎరుపు, నీలి పట్టీలు ఇప్పటికీ చూపు తిప్పుకోనివ్వవు. క్రీస్తు సిలువలోదని నమ్మే కొయ్యముక్క ఒకటి ఈ మఠంలో ఉంది. ఏప్రిల్ 16 ఆదివారం వచ్చిన ఏడు ఇక్కడ జూబిలీ, అంటే యాత్రికులకు పుణ్య సంవత్సరం. 2023లో అలాగే వచ్చింది.

అక్కడి నుంచి దేవా పుట్టే చోటికి, 20 కిలోమీటర్లకు పైగా ఎక్కుడు. ఫుయెంతె దే దగ్గర రోడ్డు అయిపోతుంది, ముందు గోడ. 1966లో కట్టిన తీగబండి నడుమ ఒక్క స్తంభం ఆసరా కూడా లేకుండా 753 మీటర్లు పైకి ఎగబాకుతుంది. మేమూ ఎక్కాం. కిందికి చూస్తే పొద్దుట్నుంచి చెమటోడ్చి తొక్కిన దారి మొత్తం ఒక్క చూపులో ఇమిడింది. పైన చెట్టు లేదు, గడ్డి కూడా తక్కువే. తెల్లటి రాయి, అక్కడక్కడా కరగని మంచు.

బుధవారం: సాన్ గ్లోరియో కనుమ దాటి రియాన్యో

నాకు ఈ యాత్ర అంతటిలో మిగిలిపోయింది ఈ రోజే.

పోతెస్ 300 మీటర్ల లోపు ఎత్తులో ఉంది. సాన్ గ్లోరియో కనుమ 1,609 మీటర్లు. మధ్యలో 27 కిలోమీటర్లు ఆగకుండా ఎక్కుడే. వాలు ఎక్కడా విరుచుకు పడదు కానీ ఎక్కడా వదలదు. మొదట చెస్ట్‌నట్ చెట్లు, తర్వాత ఓక్, ఇంకా పైకి పోతే బీచ్ అడవి. వెయ్యి మీటర్లు దాటాక పచ్చిక, పసుపు పూల పొదలు. చెట్టు మారినప్పుడల్లా గాలి వాసనా మారింది. కారులో పోయేవాడికి ఇది తెలిసే వీలు లేదు. ముప్పై రెండు పళ్ల గేరు వెనక ఉంది కాబట్టి సరిపోయింది. ఇటు వచ్చేవాళ్లు వెనక అంతకన్నా తక్కువ పళ్ల గేరుతో రావద్దు.

కనుమ మీద చలిగాలి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ గట్టు మీద పడ్డ చినుకు ఉత్తరం వైపు జారితే దేవాలో కలిసి, మేం రెండురోజులు తొక్కిన దారిలోనే సముద్రం చేరుతుంది. దక్షిణం వైపు జారితే యూసో, ఎస్లా, దుయేరో నదుల గుండా స్పెయిన్ మైదానాలు దాటి, పోర్చుగల్ అంతా అడ్డంగా పోయి పోర్తో దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. ఒకటి అరవై కిలోమీటర్ల దారి, ఇంకొకటి వందల కిలోమీటర్ల దారి. దగ్గర దారి పట్టిన నీరు గండ్లు తవ్వింది. దూరపు దారి పట్టిన నీరు నింపాదిగా వెడల్పాటి లోయలు పరిచింది. ఈ తేడా మ్యాపులో ఎన్నిసార్లు చూసినా నాకు ఎక్కలేదు. దక్షిణం వైపు దిగడం మొదలుపెట్టాక, బ్రేకు పట్టాల్సిన అవసరమే అంతగా రాకపోవడంతో తొడలకు అర్థమైంది.

యానవెస్ దగ్గర చిన్న గండి ఒకటి దాటి, బోకా దె వేర్గనో మీదుగా రియాన్యో జలాశయం ఒడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. నీలం నీళ్లు, వాటిలోంచి నేరుగా లేచిన కొండలు. ఇంత అందమైన చోటు ఈ దారిలో మరొకటి లేదు. వంతెన మీద సైకిల్ ఆపి బావ చాలాసేపు మాట్లాడలేదు.

ఈ నీళ్ల కింద పాత రియాన్యో ఉంది. దానితోపాటు చుట్టుపక్కల పల్లెలూ ఉన్నాయి. ఆనకట్ట పని నియంత ఫ్రాంకో కాలంలో, 1960లలో మొదలై ఏళ్ల తరబడి ఆగిపోయింది. జనం కట్టరనే అనుకున్నారు. 1987లో పోలీసుల్ని పెట్టి ఇళ్లు కూల్చారు. ఇంటి కప్పుల మీదికెక్కి జనం అడ్డుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు 31న గేట్లు మూశారు. మర్నాటి నుంచి స్పెయిన్‌కు యూరోపియన్ కమ్యూనిటీ పర్యావరణ నిబంధనలు అడ్డొస్తాయనే ఆ తొందర అని ఇక్కడివాళ్లు నేటికీ అంటారు. ఇప్పుడున్న ఊరు పైన గట్టు మీద కొత్తగా కట్టింది. మునిగే పల్లెల నుంచి విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టిన గుడి కూడా అక్కడుంది.

బావ వాళ్ల అమ్మమ్మగారి ఊరు కర్నూలు జిల్లాలో, కృష్ణ ఒడ్డున. శ్రీశైలం ముంపులో పోయింది. 1981లో అక్కడా ఇళ్లు కూల్చే ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో కట్టారు. ఆ గుడికి పోయినప్పుడల్లా వాళ్ల అమ్మ గోడను చేత్తో తడిమి వస్తుంది.

"నీళ్లు తగ్గినప్పుడు మా అమ్మ చూపించేది రా, అదిగో అక్కడ మన బావి అని. నాకు బురద తప్ప ఏం కనపడేది కాదు. ఆమెకు మాత్రం వీధి వీధీ కనపడేది" అన్నాడు.

"ఇక్కడా వానలు లేని ఏడు పాత వంతెన తేలుతుందట బావా" అన్నాను.

"తేలుతుంది. చూసేవాళ్లు కూడా వస్తారు. ఊరోళ్లు మాత్రం రారు రా, చూడలేరు."

సాయంత్రం కొత్త ఊరి బడ్డీలో కాఫీ తాగుతుంటే పక్క బల్ల మీద ముసలాయన మా సైకిళ్ల గురించి అడిగాడు. బావ తనకొచ్చిన స్పానిష్‌లో, మాదీ నీళ్ల కింద ఊరే అని చెప్పాడు. ఆయన లేచి వచ్చి బావ భుజం మీద చెయ్యి వేసి, బయటికి తీసుకుపోయి, నీళ్ల మీద ఒకచోట వేలు పెట్టి చూపించాడు. వాళ్లిద్దరూ అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మా కాఫీ డబ్బులు ఆయనే ఇచ్చేశాడు.

ఆ ఆనకట్ట నీళ్లు దిగువ లియోన్ పొలాలకు పారుతున్నాయి, కరెంటు ఇస్తున్నాయి. అదీ నిజమే. శ్రీశైలం లేకపోతే మన దగ్గర ఎన్ని పొలాలు బీడు పడేవో కూడా నాకు తెలుసు. కానీ ఊరు ఇచ్చినవాళ్లకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వకుండా, పోలీసు లాఠీతో ఖాళీ చేయించడం రెండు దేశాల్లోనూ తప్పే.

గురువారం: బేయోస్ గండి

జలాశయం ఒడ్డునే బురోన్ దాటి, ఎన్-625 మీద పొంతోన్ కనుమకు ఎక్కాం. ఎత్తు దాదాపు 1,280 మీటర్లు. రియాన్యో ఊరే 1,100 దాటిన ఎత్తులో ఉంది కాబట్టి పెద్ద శ్రమ లేదు. కనుమ దాటగానే మళ్లీ సముద్రం వైపు నీళ్లు. పొగమంచు కింది నుంచి మా ముఖాల మీదికి వచ్చింది. దక్షిణాన వదిలొచ్చిన పొడి ఎండ అక్కడే ఆగిపోయింది.

ఇక దిగుడే దిగుడు. ఒసేహా దె సహాంబ్రె ఊరి పక్కన బీచ్ అడవులు, ఎదురుగా నిటారు శిఖరం. కింద సేయా నది చప్పుడు వినిపిస్తోంది కానీ కనిపించదు. ఒసేహా దాటాక బేయోస్ గండి మొదలవుతుంది. లా ఎర్మీదా పొడుగైతే బేయోస్ ఇరుకు. రోడ్డు బండలోకి తొలిచారు. కొన్నిచోట్ల బండ కప్పులా తల మీదికి వాలి ఉంది. ఒక పక్క చేతికందే గోడ, ఇంకో పక్క నడుమెత్తు రాతి పిట్టగోడ, దాని కింద ఆకుపచ్చ నీళ్లు. తడి రోడ్డు, మలుపు వెనక మలుపు. వేగం తగ్గించి వెనక బ్రేకు, ముందు బ్రేకు మార్చి మార్చి పట్టుకుంటూ దిగాం. వెనకా ముందూ లైట్లు వెలిగించే ఉంచాం. చిన్న సొరంగాల్లో, బండ నీడల్లో కార్లవాళ్లకు మనం కనపడాలి.

గండి పై అంచుల్లో, మేకలు తప్ప ఎవరూ ఎక్కలేరనిపించే చోట రెండు మూడు ఇళ్ల పల్లెలు కనిపిస్తాయి. అక్కడ చేసే జున్ను లాంటి చీజ్‌కు ఈ గండి పేరే ఉంది. దారిపక్క దుకాణంలో ఒక ముక్క కొన్నాం. పొడిపొడిగా, గట్టిగా, కొంచెం పులుపుగా ఉంది.

సాయంత్రం కాంగస్ దె ఒనీస్. సేయా మీద ఎత్తైన కమాను వంతెన, దాని నడుమ వేలాడే సిలువ. రోమన్ వంతెన అని పిలుస్తారు కానీ ఇప్పుడున్నది మధ్యయుగాల కట్టడం. ఆపిల్ రసం పులియబెట్టి చేసే సీద్రా తాగడానికి కూర్చున్నాం. పోసేవాడు సీసా తల మీదికెత్తి, గ్లాసు తొడ దగ్గర వంచి పట్టుకుని, దాని వైపు చూడకుండానే పోస్తాడు. సన్నటి ధార గాజు అంచుకు తగిలి చిట్లి నురుగు లేస్తుంది. రెండు వేళ్ల మందమే పోస్తాడు. నురుగు చావకముందే ఒక్క గుక్కలో తాగి, అడుగున కొంచెం ఉంచి, పెదవి ఆన్చిన చోటు కడిగినట్టు నేల మీద పారబోయాలి. అందరికీ అదే గ్లాసు. ఈ అస్తూరియస్ ప్రాంతపు సీద్రా సంస్కృతిని 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

శుక్రవారం: కొవదోంగా సరస్సులు

సైకిల్ పందేలు చూసేవాళ్లకు ఈ ఎక్కుడు పేరు చెప్పనక్కర్లేదు. స్పెయిన్ చుట్టూ సాగే వుయెల్తా పందెం 1983లో మొదటిసారి ఇక్కడ ముగిసింది. ఆ రోజు మరీనో లెహార్రేతా గెలిచాడు. పన్నెండు కిలోమీటర్లు పైబడి, సగటున ఏడు శాతం వాలు. నడుమ లా ఉయెసేరా అనే చోట పదిహేను శాతం. అక్కడ రోడ్డు మీద రంగుతో రాసిన పేర్లు ఇంకా ఉన్నాయి. చదవడానికి తీరిక బాగా దొరుకుతుంది.

ముందు కొవదోంగా గుహ. 722లో పెలాయో అనే నాయకుడు ఇక్కడ ముస్లిం సైన్యాన్ని ఓడించాడని చరిత్ర. అస్తూరియస్ రాజ్యానికి అదే మొదలు. కింద జలపాతం, పైన గుహలో మేరీమాత. 1918లో స్పెయిన్ తన మొదటి జాతీయ ఉద్యానవనాన్ని ఏర్పాటు చేసింది ఈ కొండల్లోనే.

పైన ఎనోల్, ఎర్సీనా సరస్సులు. ఆవులు రోడ్డుకడ్డంగా పడుకుని లేవవు. మెడగంటల మోత. మేం చేరేసరికి పొగమంచు పట్టేసి ఎనోల్ సరస్సు సగమే కనిపించింది. అరగంట ఆగి చూసి దిగిపోయాం.

శనివారం: కబ్రాలెస్ మీదుగా తిరిగి ఉంకెరా

ఏఎస్-114 రోడ్డు కొండల ఉత్తర అంచున తూర్పుకు పోతుంది. చిన్న చిన్న ఎక్కుళ్లు, దిగుళ్లు. పోఓ అనే పల్లె దగ్గర మబ్బు విడిపోయి ఉర్రియేయు శిఖరం కనిపించింది. 2,519 మీటర్లు. నారింజ రంగు నిలువు బండ. 1904లో పెద్రో పిదాల్ అనే ప్రభువు, కాయిన్ ఊరి గొర్రెలకాపరి గ్రెగోరియో పేరెస్ కలిసి మొదటిసారి ఎక్కారు. గొర్రెలకాపరి వట్టికాళ్లతో ఎక్కాడంటారు. నాకైతే ఆ పేర్లలో రెండోదే ముందు చెప్పాలనిపిస్తుంది.

ఆరేనస్‌లో చీజ్ గుహ చూశాం. కబ్రాలెస్ చీజ్‌ను కొండ గుహల్లో నెలల తరబడి పెడతారు. గుహల్లో తేమ, చలి ఏడాది పొడుగునా ఒకేలా ఉంటాయి. నీలం బూజు దానంతట అదే లోపలికి పాకుతుంది. నాలుక చురుక్కుమంటుంది. బావ ఒక్క ముక్కతో ఆపేశాడు, నేను అరకిలో కొన్నాను. అక్కడి నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి, పొన్సెబోస్ దాకా తొక్కాం. జలవిద్యుత్తు కోసం కారెస్ గండిలో కాలువ తవ్వి, దాన్ని చూసుకోవడానికి బండలో తొలిచిన కాలిబాట ఇక్కడే మొదలవుతుంది. అది నడిచేవాళ్లది, మేం వెనక్కి తిరిగాం. కొండ లోపలి నుంచి బుల్నెస్ పల్లెకు పోయే రైలు 2001లో వచ్చింది. అప్పటిదాకా ఆ ఊరికి కాలిబాటే గతి.

ఆరేనస్ నుంచి పానెస్ దాకా కారెస్ పక్కనే దిగుడు, ఎదురుగాలి. పానెస్ దగ్గర దేవా కలిసింది. ఉంకెరాలో సాయంత్రం రైలు అందుకున్నాం.

ఎవరైనా ఇటు వచ్చి, ఒక్కరోజే దొరికితే ఏం తొక్కాలని అడిగితే నా జవాబు: పొద్దున్నే, బండ్లు రాకముందే కాంగస్ నుంచి బేయోస్ గండి పైకి ఎక్కండి, దిగొద్దు. ఎక్కేటప్పుడు నది ఎదురొస్తుంది, వేగం ఉండదు, బండ పక్కనే ఉంటుంది. బావ మాత్రం రియాన్యోకే పొమ్మంటాడు, వంతెన మీద కాసేపు నిలబడమంటాడు.